హాలికుని ముదిమి: పెన్నసీమకావ్యములందు స్వయంపోషణభావము

ముదిమి పైఁబడిన గృహస్థుఁడు పట్టణవాసమును బరసేవను విడిచి, తనకుఁ గల రెండు మూఁడెకరముల నేలలో నొక కొట్టము వేసికొని, తాను పండించిన గింజను దాను దిని, యొరుల గుమ్మము త్రొక్కక జీవించుట మన సాహిత్యమున మిక్కిలి గౌరవింపఁబడిన భావములలో నొకటి. దీనికి మనవారు పోతనామాత్యుని మూలపురుషునిగాఁ జెప్పుదురు. కడపజిల్లావారికి నీ విషయమున నభిమాన మధికము. ఒంటిమిట్ట వారి జిల్లాలోనిది గదా. పోతన యొంటిమిట్టవాఁడా, బమ్మెరవాఁడా యను పాఁతవివాదమున నేనిచ్చటఁ బ్రవేశింపను. నేను విచారింపఁదలఁచినది వేఱొకటి. ఈ స్వయంపోషణభావము కావ్యములలో నే రూపమున నున్నది? పెన్నయొడ్డున నున్న జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, వానికి దక్షిణమున నున్న పులివెందుల, ఈ మూఁడుసీమలలో ముసలికాఁపు నిజముగా బ్రదుకు తీరుతో నది యెంతవఱకు సరిపడును? ఈ ప్రశ్నను మన విమర్శకులు తగినంతగా వేసికొనలేదని నా యభిప్రాయము.

పోతనను హాలికునిగాఁ జేసిన యాధారము భాగవతమున లేదు. అవతారికలో నరేశ్వరుల కీయక శ్రీహరికే కృతి యిచ్చితినని చెప్పుకొనిన మాట కలదు, నాఁగలిమాట లేదు. నాఁగలి వచ్చినది లోకమున బహుప్రసిద్ధమైన యొక చాటుపద్యమునుండి. అది కావ్యాంతర్గతము కాదు. జనుల నోళ్లలోఁ బెరిఁగినది. కావ్యకన్యకను రాజుల కమ్ముకొని తినుటకంటె సత్కవులు సేద్యము చేసికొన్నను, అడవిలోఁ గందమూలములు త్రవ్వుకొన్నను దప్పు లేదని దాని సారాంశము. ఈ పద్యమును గృషిప్రశంసగాఁ జదువుట మనకు వాడుక. నిదానించి చూచినచో నిది కృషిప్రశంస కాదు. కవి నేలను మెచ్చలేదు, రాజును దెగడినాఁడు. సేద్యము చేసినను నేమి కొదువ యనునది యంగీకారవాక్యమే కాని స్తుతివాక్యము కాదు. అంతియ కాదు, సేద్యమును, అడవిదుంపలను నొక్క త్రాసులోఁ దూఁచినాఁడు. రేగడచేను దున్నినవాఁ డెవ్వఁడును ఈ రెంటిని సమానముగాఁ జెప్పఁడు. దుంపకు విత్తనము వలదు, ఎద్దు వలదు, శిస్తు లేదు. చేనికి నివి యన్నియుఁ గావలెను.

ఈ పద్యమునకుఁ జుట్టును నల్లుకొన్న కథ యింకను జిత్రమైనది. శ్రీనాథుఁడు పల్లకి నెక్కి వచ్చెనఁట. పొలములోఁ గుఱ్ఱవాఁడు మల్లన దున్నుచుండెనఁట. తన మహిమ చూపుటకై శ్రీనాథుఁ డొకవైపు బోయీలను దొలఁగించినను బల్లకి సాఁగినదఁట. దానికి బదులుగా మల్లన కాఁడినుండి యొక యెద్దును విప్పినను నాఁగలి సాఁగినదఁట. పాఠభేదములు పెక్కు కలవు గాని కథయొక్క నడుము యిదియే. దీని నల్లినవారు కవితామహిమ నెఱిఁగినవారే కాని యెద్దునకుఁ జొప్ప వేసినవారు కారు. ఎద్దు లేకయే నడచు మడక (ఈ సీమలో నాఁగలిని మడక యనియే యందురు) దొరకినచో నీ లోకమున ముసలికాఁపుల దుఃఖము సగము తీఱియే యుండును! మఱియొక విషయమును మనవారు గమనింపక విడిచిరి. కథలో మేడి పట్టినవాఁడు ముసలివాఁడు కాఁడు, అతని కొడుకు. తండ్రి స్వాతంత్ర్యము కొడుకు చేతులమీఁద నిలిచియున్నది. పోతనను స్వయంపోషకుఁడని పొగడునపుడు మల్లన చేతికాయలను మనము లెక్కలోనికిఁ దీసికొనలేదు.

పరదేశసాహిత్యమునను నీ భావము కలదు. లాటినుకవి వర్జిలు తన కృషికావ్యమగు జార్జిక్సు నాలుగవ సర్గమునఁ దరెంతము పట్టణముచేరువఁ దాను చూచిన యొక వృద్ధుని వర్ణించినాఁడు. కోరికస్ దేశమునుండి వచ్చిన యతనికిఁ గలది యెవ్వరును గోరని కొద్దిపాటి విడుపునేల. ఎద్దులతో దున్నుటకుఁ గాని, మందల మేపుటకుఁ గాని, ద్రాక్షకుఁ గాని పనికిరానిది. అందతఁడు కాయగూరలను బూలను బెంచి, తేనెటీఁగలను సాఁకి, ప్రొద్దుపోయి యింటికి వచ్చి కొనని వస్తువులతో భోజనము చేయుచు మనస్సున రాజులకు సాటియై యుండెను. ఈ వర్ణనము చిన్నది. కాని పోతనకథలో లేని నిజము దీనిలోఁ గలదు. ఏమన, వర్జిలు మొట్టమొదటనే యెద్దును దీసివేసినాఁడు. మహిమచేతఁ గాదు, దున్నఁదగని నేల నెన్నుకొని. ముసలివాని యొంటిచేతులకు వశమగునంతటి పని నతని కొప్పగించినాఁడు. ప్రక్కనే గలీససు నది పాఱుచున్నట్లును జెప్పినాఁడు. చేతులు, నేల, నీరు మూఁడును గొలఁదికి సరిపడినవి.

సిసెరో క్రీ. పూ. 44లో వ్రాసిన వృద్ధాప్యగ్రంథమునఁ గేటో యను వృద్ధునినోట సేద్యసుఖములను విస్తరించి చెప్పించినాఁడు. చదువుట కింపుగా నుండును. కాని యా కేటోయే స్వయముగా రచించిన వ్యవసాయగ్రంథము మనకు దక్కినది. అందు గృహయజమానుఁ డమ్మివేయవలసిన వస్తువులపట్టికలో ముసలియెద్దులతోఁ గూడ ముసలిబానిసను జేర్చియున్నాఁడు. యజమానుని ముదిమికిఁ దోఁట, బానిస ముదిమికి సంత! కావ్యమునకును లెక్కపుస్తకమునకును గల దూర మింతకంటె స్పష్టముగాఁ గనఁబడుట యరుదు. చైనాకవి తావ్ యువాన్‌మింగు క్రీ. శ. 405లో నుద్యోగము విడిచి పొలమునకు మరలినవాఁడు; అతఁడు మాత్రము తన పల్లెసుఖముతోఁ బాటు తన యాఁకలిని, ఒరులయింటికి బిచ్చమునకుఁ బోయిన దినమును గూడ దాఁచక కవిత్వమున వ్రాసికొన్నాఁడు. నే నీ మువ్వురిలో నతనికే యగ్రస్థాన మిత్తును.

ఇఁక మన పెన్నకు వత్తము. నందికొండలలోఁ బుట్టి యనంతపురముజిల్లా దాఁటి, గండికోటలోయను జీల్చుకొని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రక్కగాఁ బాఱి, నెల్లూరుసీమలో సముద్రముఁ జేరు నది యిది. ఈ యొక్క నదియొడ్డున మన యాధునికకృషికావ్యములు రెండు పుట్టినవి. అవి యొండొంటికి విరుద్ధములు. నెల్లూరుసీమవాఁడైన దువ్వూరి రామిరెడ్డి (1895–1947) స్వయముగాఁ గృషి చేసినవాఁడు. అతని కృషీవలుఁడు పైరుపచ్చలమీఁది ప్రేమతో, కర్షకునియందలి గౌరవముతో నిండినది. అనంతపురముసీమవాఁడైన విద్వాన్ విశ్వము (1915–1987) పెన్నేటిపాట 1956లో వెలువడినది. అందున్నది యెండిన యేఱు, కలిమినుండి కాయకష్టమునకు దిగిన దంపతులు. ఒకే నది క్రిందియొడ్డున స్తోత్రమును బైయొడ్డున శోకమును బుట్టించుట కవుల స్వభావభేదముచేతఁ గాదు; నీటిపాళ్ల భేదముచేత. మన విమర్శకులు మొదటిదానిని భావకవిత్వములోను, రెండవదానిని అభ్యుదయకవిత్వములోను జేర్చి యంతటితోఁ దృప్తి పడిరి. నెల్లూరిమాగాణిని, రాయలసీమమెట్టను ఎదురెదురుగాఁ బెట్టి చదివినచో నా విభాగము చాలదని తోఁచును. అయినను రెండుకావ్యములందును ముసలికాఁపు ప్రధానపాత్ర కాఁడు. ఒకదానిలోఁ గర్షకుఁడు నిత్యయౌవనుఁడు. రెండవదానిలోఁ గష్టము ముదిమిదాఁక నాఁగదు.

ఈ రెంటినడుమ నున్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగులలోఁ గవులు లేకపోలేదు. జమ్మలమడుగునఁ బుట్టిన దుర్భాక రాజశేఖరశతావధాని రాణాప్రతాపసింహచరిత్రమును, గడియారము వేంకటశేషశాస్త్రి శివభారతమును రచించిరి. పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) ప్రొద్దుటూరి యగస్త్యేశ్వరాలయమున శివతాండవమును రచించెనని ప్రసిద్ధి. వీరు మహనీయులు. కాని చూడుఁడు: మొదటివారి దృష్టి మేవాడుకొండలకుఁ బోయినది, రెండవవారిది మహారాష్ట్రదుర్గములకుఁ బోయినది, మూఁడవవారిది కైలాసమునకు. పరపాలనమునాఁటి దేశాభిమానము మొదటి యిద్దఱి నటు నడపినదనుట స్పష్టము. తమ వాకిటిముందటి జొన్నచేను వారి మహాకావ్యములకు వస్తువు కాలేదు. తెలుఁగునకు లిఖితరూప మిచ్చిన ప్రాచీనశాసనములు ఈ చేలనడుమనే దొరకినవి. కలమళ్ల, ఎఱ్ఱగుడిపాడు రెండును నీ సీమలోనివే. రేనాటిచోడుల యెఱ్ఱగుడిపాడుశాసనము పన్నస, అనఁగా భూదానము, నుద్దేశించినది. నేలమాటతో నారంభమైన యీ సీమవాఙ్మయము పదమూఁడు శతాబ్దుల తరువాత నేలను విడిచి కొండ లెక్కినదని యొక చమత్కార మాడవచ్చును.

కావ్యములు చెప్పనిదానిని గొంచెము లెక్కించి చూతము. లెక్క లేనిచో స్వయంపోషణమనునది యుత్తమాట. జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల నల్లరేగడలో జొన్న, కొఱ్ఱ, ప్రత్తి, పప్పుసెనగ పండును. ప్రొద్దుటూరిప్రక్కఁ గొంతనేలకుఁ గర్నూలు-కడపకాలువ పాఱును. తుంగభద్రమీఁది సుంకేసులనుండి వచ్చు నీకాలువను మద్రాసు నీటిపారుదలకంపెనీ త్రవ్వింపఁగా 1882లో సర్కారు కొనినది. పులివెందులవైపు నెఱ్ఱనేల, గరుసునేల హెచ్చు. అచ్చటఁ జీనీతోఁటలు, అరఁటి, వేరుసెనగ. జిల్లాసగటు వర్షము సుమారు 700 మిల్లీమీటర్లు. ఈ పడమటిసీమలో నంతకంటెఁ దక్కువ. ముసలిదంపతు లిద్దఱికి దినమునకు గిలోగింజ యనుకొన్నను నేఁటికి 365 కిలోలు. మంచియేఁట నెకరముకొఱ్ఱ యించుమించుగా నంత యీయఁగలదు. నడుమ నక్కడిసాళ్లలోఁ గంది, అనుము, అలసంద వేసిన పప్పునకుఁ గొఱత లేదు. దొడ్డిలో బీర, సొర, మునగ. ఒక బఱ్ఱె, నాలుగు మేఁకలు. సంగటి, ఊరిబిండి, మజ్జిగ: ఇంతవఱకుఁ గవుల మాట నిజము. నేలపై నిష్ఠ గల ముసలివాఁడు మంచియేఁట నన్నమునకు నెవ్వరిని నాశ్రయింప నక్కఱలేదు.

కాని మంచియేఁడు ప్రతియేఁడు రాదు. పూర్వము జొన్నను బాతరలోఁ బూడ్చి రెండుమూఁడేండ్లు దాఁచుట యిందులకే. పాతర యొక కాఁపుయింటి చిత్తధైర్యము; అయినను వర్ణకులమైన మనము పాతరమీఁద నొక్క వర్ణన వ్రాయలేదు. 1876–78 నాఁటి మహాక్షామమున నీ జిల్లా మలమలమాఁడినది. కందమూలములు కవిసమయమునుండి దిగివచ్చి నిజముగా భోజనమైన కాలమది. ఇంకొకటి, శిస్తు. 1800లో నైజాము కంపెనీ కిచ్చిన దత్తమండలములకు ముఖ్యకలెక్టరుగా 1807వఱకున్న మన్రో రైతువారీపద్ధతిని నెలకొల్పెను. పన్ను నాణెములలోఁ గట్టవలెను. అది మొదలు ఎంత యేకాంతముగా నున్న కాఁపైనను సంతకుఁ బోయి గింజయో ప్రత్తియో యమ్మక తీఱదు. ప్రొద్దుటూరు ప్రత్తివర్తకమునకుఁ బేరు పొందుటయు నీ రూకల యక్కఱలోని యొక పాయయే. అమ్మక కొనక జీవించు గృహస్థుఁడు కావ్యమునందే యున్నాఁడు. దత్తమండలములలో రెండువందలేండ్లుగా లేఁడు.

నేఁడు శిస్తుబరువు తొలఁగినది, రూకలయక్కఱ తొలఁగలేదు. ముసలివాఁడు కాఁడియెడ్లను సాఁకలేఁడు. వానికి మేఁతకై రెండెకరములు విడువవలెను. నీళ్లు పెట్ట బలము వలెను. కాఁబట్టి ట్రాక్టరు బాడుగకుఁ దెచ్చును. కపిలబావి పూడినది, బోరు వేయించెను. 2004లో సేద్యపుమోటార్లకు విద్యుత్తు నుచితముగా నిచ్చుట యారంభమైన తరువాత విద్యుత్తునకు రూకలు తగ్గినవి గాని నీరు లోఁతునకుఁ బోయినకొలఁది బోరు వేయుటకు రూకలు పెరిఁగినవి. చీనీమొక్క కాపునకు వచ్చుట కైదేండ్లు పట్టును. అఱువదియైదేండ్లవాఁడు నాటినచోఁ గాపు చూచువేళకు డెబ్బది. ముసలివాఁడు తాను దినని ఫలమునకై చెట్టు నాటునని గొప్పగాఁ జెప్పుట కేటోనాఁటినుండి వాడుక. పులివెందులలో నా చెట్టునకుఁ బ్రతివేసవియందు నీరు పోయవలెనని యా వాక్యము చెప్పదు.

ఇంకను లోఁతైన చిక్కొకటి కలదు. 1983లోఁ గిలో రెండురూపాయల బియ్యము వచ్చినది. కొఱ్ఱయు జొన్నయుఁ గుండనుండి తొలఁగినవి, తరువాతఁ జేనినుండి తొలఁగినవి. 2024 జూలైలో వృద్ధుల పింఛను నెలకు 4000 రూపాయలైనది. కొడుకులు బెంగుళూరికో, కువైటుకో పోయిన యింట ముసలిదంపతులు తమ కొట్టమున, తమ మేఁకలతో, ఎవ్వరి చెప్పుచేతలలో నుండక నిలువఁగలుగుట కీ రూకలే యాధారము. రాజుకూడు వేఱు, నాఁగలికూడు వేఱు అని చాటుపద్యము చేసిన విభాగ మిచ్చట నిలువదు. సర్కారురూకను దీసికొను నీ ముసలికాఁపు తన స్వాతంత్ర్యము నమ్ముకొన్నాఁడా? నేను గాదనియే చెప్పుదును. అతఁడెవ్వరికిని గృతి యంకితము చేయలేదు. ఏఁబదియేండ్లు పన్నుగట్టి, గింజ పండించి, యూరికిఁ బెట్టినవాఁడు. ఆ రూక రాజప్రసాదము కాదు, బాకీ. పోతననాఁటి మానధనము నీ కాలమునకుఁ దెచ్చి చదువువారు ఈ భేదమును జూపక, ప్రభుత్వసాహాయ్యము దీసికొను రైతును గించపఱచుటకై యా పద్యమునే వాడుచున్నారు. పద్యమునకు నింతకంటె నన్యాయము లేదు.

ఆలి మాట మఱచితిమి, కావ్యములును మఱచినవి. చాటుపద్యమున నాలు పోషింపఁబడు వ్యక్తి మాత్రమే. వర్జిలు వృద్ధునకు నాలే లేదు. నిజమునకుఁ గొట్టపుజీవనమున నామె సగమునకు మించిన సేద్యగత్తె. విత్తనమును బూడిద కలిపి కుండలో దాఁచునది యామె. బఱ్ఱె పాలు పిదుకునది, అక్కడిసాలులోఁ గాయ కోయునది, గుంటలో నీరు తోడి దొడ్డిని నిలుపునది యామె. భర్త చనిపోయిన తరువాతఁ గొట్టమును నడపు ముసలమ్మలు ఈ సీమలోఁ గలరు. భార్య చనిపోయిన తరువాత నడపు ముసలయ్యలు బహు తక్కువ. ప్రబంధకవులలోఁ గృష్ణదేవరాయ లొక్కఁడు, వానకాలమునఁ దడికట్టెలతోఁ బొయ్యి రాఁజుకొనక యిక్కట్టుపడు నిల్లాండ్రను ఆముక్తమాల్యదలోఁ జూపినాఁడు. మహారాజునకుఁ గనఁబడిన వంటయిల్లు హాలికకవిత్వమునకుఁ గనఁబడలేదు.

గద్యమున స్థితి కొంత మేలు. రంగసాయిపురమునఁ బుట్టిన కేతు విశ్వనాథరెడ్డి (1939–2023) కథలు కడపజిల్లా కాఁపుబ్రదుకును జిత్రించిన వానిలో మేటివి. 1996లో వానికిఁ గేంద్రసాహిత్యఅకాడమీబహుమానము వచ్చినది. జప్తు, నమ్ముకున్న నేల యను పేళ్లే చాలును, ఈ రచయిత నేలను రూకతోఁ గలిపి చూచినాఁడనుటకు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలము 2019లో తానావారి నవలాబహుమానము పొందినది. కఱవునఁ బల్లెవాండ్రు గొఱ్ఱెలమందలతో నల్లమల కెక్కిన కథ. అందు బ్రదుకుట నేర్పువారు పెద్దలు, నేర్చువాఁడు చదువుకొన్న కుఱ్ఱవాఁడు. చేనిలో నిలుచుటకంటె మందవెంట నడచుటయే కఱవుకాలపు స్వయంపోషణమని యా నవల చూపుటలో నాకుఁ గొత్తదనము కనఁబడినది. భాషయు సీమభాష, ఇది గ్రాంథికవాదులకు రుచింపకున్నను వస్తువునకుఁ దగినది.

హాలికకవిత్వమును మరల విమర్శింపఁబూనువారు ముందుగాఁ జదువవలసినవి కావ్యములు కావని నా తలంపు. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో వృత్తిపదముల గని కలదు, అది యెల్లరెఱిఁగినదే. కల్నలు మెకంజీ యుద్యోగులు పందొమ్మిదవ శతాబ్ద్యారంభమున నూరూరఁ దిరిగి వ్రాయించిన కైఫియ్యతులలో జమ్మలమడుగుసీమవి విశేషముగాఁ గలవు. కడపలోని బ్రౌనుభాషాపరిశోధనకేంద్రము వానిని సంపుటములుగాఁ బ్రకటించినది. ఊరు కట్టినవారు, చెఱువు పూడ్చినవారు, బావి త్రవ్వించి తోఁట పెట్టినవారు, మాన్యము పొందినవారు, కఱవున లేచిపోయినవారు, ఇవి యందలి విషయములు. కరణముల చేతివ్రాఁత, అలంకారము లేదు. బావిలోఁతు చెప్పునపుడు గజములు చెప్పుదురు, తోఁట చెప్పునపుడు చెట్లు చెప్పుదురు.